గుండిగ మీద పేరు

జర్నలిజం డిప్లొమాలో ఎథిక్స్ పేపర్‌కి మా బ్యాచ్ మొత్తంలో ఎక్కువ మార్కులు నాకే వచ్చాయి. గొప్ప చెప్పుకోవడానికి కాదు ఈ మాట. ఆ మార్కులు గుర్తొస్తే తల ఎక్కడ పెట్టుకోవాలో ఇప్పటికీ నాకు తెలియదు. ఎందుకో చెప్పాలంటే ముందు దిల్‌సుఖ్‌నగర్‌లో నేను అన్నం తిన్న మెస్ గురించి చెప్పాలి.

మాది నల్లగొండ వైపు పల్లె. డిగ్రీ అయ్యాక సాయంత్రం క్లాసులుండే ఆ డిప్లొమా కోర్సులో చేరి, గడ్డిఅన్నారం దగ్గర ఒక లేడీస్ హాస్టల్లో దిగాను. ఆ హాస్టల్లో మంచం, బీరువా, పొద్దున నీళ్ల కోసం కొట్లాట మాత్రమే ఇస్తారు. తిండి పాట్లు ఎవరివి వాళ్లవే. పక్క సందులో మొదటి అంతస్తులో ఒకావిడ మెస్ నడిపేది. అందరం ఆంటీ అనేవాళ్లం. కృష్ణా జిల్లా ఆవిడ. భార్యాభర్తలిద్దరూ కలిసి మొదలుపెట్టిన మెస్ అది. ఆయన పోయాక మూసేసి ఊరికి వచ్చెయ్యమని చుట్టాలంతా చెప్పినా వినకుండా ఒక్కతే నడుపుకుంటూ వచ్చింది.

ఆవిడ ఒక్కతే అంటే, వెనకాల ఆసరా లేదని కాదు. భర్త అన్నగారు ఊర్లో వ్యవసాయం చూసుకుంటూ, మెస్‌కి కావాల్సిన బియ్యం తన పొలంలోవే లారీకి వేసి పంపేవాడు. బ్యాంకు పరీక్షలకనో, సాఫ్ట్‌వేర్ కోర్సులకనో అటునుంచి దిల్‌సుఖ్‌నగర్ వచ్చే పిల్లలను, "మా మరదలు మెస్ ఉంది, అక్కడ తినండి" అని ఆయనే పంపేవాడు. సగం బల్లలు వాళ్లతోనే నిండేవి. తక్కిన సగం మా వైపు వాళ్లు, నల్లగొండ, సూర్యాపేట, దేవరకొండ. అందరి మధ్యా ఒకటే పచ్చడి గిన్నె.

అవి ఉద్యమం రోజులు. క్లాసులో, బస్సులో, చాయ్ దుకాణంలో, ఎక్కడ నోరు తెరిచినా అదే మాట. "మీ వాళ్లు", "మా వాళ్లు" అన్న మాట వస్తే పక్క మనిషి ముఖం మాడిపోయేది. ఆంటీ మెస్‌లో మాత్రం ఆ మాట సాగేది కాదు. ఎవడన్నా మొదలుపెడితే ఆవిడ సాంబారు బకెట్‌తో వచ్చి ఇద్దరి మధ్య నిలబడేది. "ఉద్యమం చెప్పులతో పాటు కింద వదిలి రండి నాయనా, పోయేటప్పుడు మళ్లీ తొడుక్కోవచ్చు" అనేది. పిల్లలు నవ్వి తినేసేవాళ్లు. ఆవిడ అన్ని నెలలు ఆ మెస్‌ను అట్లా కాపాడుకుంటూ వచ్చింది.

నేను అప్పుడే బ్లాగు మొదలుపెట్టాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు ఉండేది నా వరస. నెట్ సెంటర్‌లో కూర్చుని, తెలుగు అక్షరాలు ఒక్కొక్కటే వెతుక్కుంటూ, కనబడిన ప్రతిదాని మీదా రాసేదాన్ని. బస్‌పాస్ క్యూ మీద, హాస్టల్ వార్డెన్ మీద, ఉద్యమం మీద. చదివేవాళ్లు నా రూమ్మేటూ, ఊర్లో డిగ్రీ కాలేజీ లెక్చరరూ. ఇంకెవరైనా కామెంట్ పెడతారేమోనని రోజూ నెట్ సెంటర్ మెట్లెక్కేదాన్ని. క్లాసులో సార్ ఎథిక్స్ నోట్స్ చెబుతుంటే ముందు బెంచీలో కూర్చుని అందంగా రాసుకునేదాన్ని. వ్యక్తి అనుమతి, వ్యక్తి గోప్యత, జరగబోయే నష్టం. వాటి కింద రెండేసి గీతలు కూడా కొట్టుకున్నాను.

మృగశిర వచ్చీ రాని రోజుల్లో వంటావార్పు పిలుపు వచ్చింది. అంటే జనం పొయ్యీ గిన్నే తీసుకుని రోడ్డు మీదికి వచ్చి, అక్కడే వండుకుని అక్కడే తినాలి, రోడ్డు బందు. ఎల్బీనగర్ చౌరస్తాలో విజయవాడ రోడ్డు మొదలయ్యేచోట విద్యార్థులకు ఒక మూల ఇచ్చారు. బియ్యం దొరికాయి, కట్టెలు దొరికాయి, పెద్ద గిన్నెలు దొరకలేదు. టెంట్ హౌస్‌లలో ఉన్నవన్నీ పెద్ద సంఘాల వాళ్లు ముందే పట్టుకుపోయారు. మెస్‌లో తినే మా వైపు పిల్లలు కొందరు ఆంటీని అడుగుదామన్నారు. నేనూ వెంట వెళ్లాను. ఇవ్వదనే అనుకున్నాం.

కానీ ఆవిడ స్టూలు వేసుకుని అటక మీది నుంచి రెండు ఇత్తడి గుండిగలు దింపించింది. రోజూ వాడేవి కావు. మా వైపు గంజు అంటాం, కానీ ఆ సైజు గంజులు మా ఊర్లో కూడా నేను చూడలేదు. అత్తగారింటి నుంచి పంపకాల్లో వచ్చినవట. చింతపండు పెట్టి తోమించి ఇచ్చింది. "అన్నం వండుకోడానికేగా అడిగారు" అని తనకు తానే చెప్పుకున్నట్టు అంది. తర్వాత మా అందరి వైపూ చూసి, "నా పేరు ఎక్కడా రాకూడదు. వెనక మెట్ల మీంచి తీసుకెళ్లండి" అంది. నేను కూడా తలూపాను.

ఆ రోజు చౌరస్తా ఎంత బాగుందో చెప్పలేను. పొగ, పాటలు, డప్పులు, ఇస్తరాకులు, చంపాపేట నుంచి నెత్తిన కట్టెలు పెట్టుకుని నడిచొచ్చిన ఆడవాళ్లు. ఆంటీ గుండిగల్లో పప్పూ అన్నం ఉడికాయి. నా రూమ్మేట్ కెమెరా అడిగి తెచ్చుకున్నాను. పొయ్యి మీద గుండిగ, పక్కన గరిటె పట్టుకుని నవ్వుతున్న పిల్లలు, మంచి ఫోటో వచ్చింది. ఆ ఒక్క ఫోటో కోసమే ఒక పోస్ట్ రాయాలనిపించింది, రాశాను. శీర్షిక తలచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది: "గుండిగలకు ప్రాంతం లేదు".

అందులో ఆంటీ పేరు రాయలేదు. మెస్ పేరు రాయలేదు. "దిల్‌సుఖ్‌నగర్‌లో పిల్లలకు అన్నం పెట్టే ఒక కోస్తా తల్లి" అని రాశాను. ఆవిడ ఉచితంగా ఇచ్చిందనీ, కళ్లలో నీళ్లు తిరిగాయనీ రాశాను. ఉచితంగా ఇచ్చిన మాట నిజం, కళ్లలో నీళ్లు నా సొంతం. పేరు రాయలేదు కదా, మాట నిలబెట్టుకున్నాను కదా అని నాకు పెద్ద ధీమా.

మన ఇళ్లలో గిన్నె కొంటే ముందు పేరు కొట్టిస్తాం. చుక్కలు చుక్కలుగా పేరు, ఇంటిపేరు, ఊరు. మా ఇంట్లో చెంబు మీద పెద్దమ్మ పేరు, గ్లాసుల మీద ఎవరో పెళ్లికి చదివించిన వాళ్ల పేర్లు. పుట్టినప్పటి నుంచి వాటితోనే నీళ్లు తాగుతాం గానీ ఒక్కనాడూ చదవం. ఆ గుండిగ మీద కూడా ఉంది పేరు, అంచు కింద, అరచేతి వెడల్పున. దాన్ని మెట్ల మీంచి దింపడానికి చెయ్యి వేశాను, ఫోటో తీశాను, నెట్ సెంటర్‌లో ఆ ఫోటో ఎక్కించాను. నా కంటికి ఆనలేదు.

తెలుగు బ్లాగులన్నీ ఒకచోట చూపించే సైట్లు అప్పట్లో ఉండేవి. అక్కడ నా పోస్ట్ పైకి వెళ్లింది. ఎక్కడెక్కడివాళ్లో మెచ్చుకున్నారు, కొందరు తిట్టారు, తిట్టినా నాకు పండగే. మూడో రోజో నాలుగో రోజో ఒకాయన కామెంట్ పెట్టాడు. ఫోటో పెద్దది చేసి చూస్తే గుండిగ మీద పేరూ ఊరూ స్పష్టంగా ఉన్నాయనీ, ఆ కుటుంబం తనకు తెలుసనీ, వాళ్ల కోడలు హైదరాబాద్‌లో మెస్ నడుపుతుందనీ రాశాడు. కింద ఇంకొకరు మెస్ ఏ సందులో ఉందో కూడా రాశారు. భయంతో ఆ రెండు కామెంట్లూ మళ్లీ మళ్లీ చదివాను. అయినా ఆ రోజు ఎంతమంది చూశారన్న అంకె కూడా చూసుకున్నాను. రెండూ ఒకేసారి చేశాను, దాచడమెందుకు.

మర్నాడు మధ్యాహ్నం తిని చెయ్యి కడుక్కుంటుంటే ఆంటీ వంటింట్లోకి పిలిచింది. ఆవిడకు కంప్యూటర్ తెలియదు, కానీ సంగతంతా తెలిసిపోయింది. ఊరి నుంచి బావగారు ఫోన్ చేశారట. గుండిగ మీద ఉన్నది ఆయన తండ్రి పేరు. ఆవిడ భయపడి, గుండిగలు టెంట్ హౌస్‌లో లాగా కిరాయికిచ్చానని చెప్పేసిందట. కిరాయంటే వ్యాపారం కాబట్టి ఆయన ఊరుకున్నాడట.

"ఒక్క మాట మార్చమ్మాయ్" అంది. "కిరాయికి తీసుకున్నామని రాయి. ఇంకేం వద్దు."

"కిరాయికి తీస్కోలే కద ఆంటీ."

"తీసుకోలేదు. తీసుకున్నామని రాయమంటున్నాను."

"అబద్ధం ఎట్ల రాస్త ఆంటీ? రాసినంక గట్ల మార్చొద్దు. మాకు క్లాసుల చెప్పిన్రు."

ఆవిడ బతిమాలలేదు. "సరే, నీ చదువు నీది" అని పొయ్యి వైపు తిరిగింది. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, అది నన్ను చూసే పుట్టిందేమో. ఫోటో మాత్రం ఆ సాయంత్రమే తీసేశాను. అదేదో పెద్ద న్యాయం చేసినట్టు ఆవిడకు చెప్పాను కూడా. అప్పటికే ఆ ఫోటో ఇంకా ఎన్ని చోట్లకు పోయిందో నాకు తెలుసు.

అసలు సంగతి వేరే ఉంది. ఒక దినపత్రిక జర్నలిజం స్కూల్లో సీట్లకు ప్రకటన పడింది. అచ్చయిన రచనో, బ్లాగులో వచ్చిందో ఒకటి జత చేయాలి. నేను ఈ పోస్ట్ ప్రింటు తీసి అప్పటికే పంపాను. కిరాయని మారిస్తే నా కోస్తా తల్లి టెంట్ హౌస్ యజమానురాలైపోతుంది, పోస్ట్‌లో ఇంకేం మిగలదు. తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నట్టు, నేను ఎథిక్స్ కోసమన్నాను. అనడమే కాదు, నిజంగానే నమ్మాను. ఆ నమ్మకమే ఇప్పుడు నన్ను ఎక్కువ తినేస్తోంది.

తర్వాతి ఆదివారం ఆంటీ వాళ్ల బావగారు వచ్చారు. ఆదివారం కోడికూర కాబట్టి మెస్ నిండా జనం. నేను మనసులో ఎర్రటి కళ్లూ, పెద్ద మీసాలూ ఊహించుకుని ఉన్నాను. వచ్చినాయన ఇస్త్రీ లేని తెల్ల చొక్కాలో, చేతిలో ప్లాస్టిక్ కవరుతో, మా చిన్నాన్నలాగే ఉన్నాడు. కవరులో నా పోస్ట్ ప్రింటు. ఎవరో ఆయనకు నన్ను చూపించారు. నా బల్ల దగ్గరికి వచ్చి, తింటున్నవాళ్లను లేపకూడదని కాబోలు, పక్కనే నిలబడి అడిగాడు.

"ఇది రాసింది మీరేనా అమ్మా?"

నేనే అన్నాను.

"మా మరదలు కిరాయికిచ్చానంటోంది. మీరేమో ఊరికే ఇచ్చిందని రాశారు. ఏది నిజమమ్మా?"

ఆంటీ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. నా వైపే చూస్తోంది. తల అడ్డంగా ఊపలేదు, సైగ చెయ్యలేదు, చూస్తోందంతే. కిరాయికే తీసుకున్నాం అంటే చాలు. తెలియదన్నా చాలు. నేను వీపు నిటారుగా పెట్టుకుని, "నేను రాసిందే నిజమండి" అన్నాను. అన్నాక గర్వంగా కూడా ఉంది. నిజం కోసం నిలబడ్డానని అనుకున్నాను. గుమ్మంలో నిలబడ్డ మనిషి నడుము నేను విరిచేస్తున్న సంగతి ఆ క్షణంలో నా బుర్రకు ఎక్కలేదు.

ఆయన అరవలేదు. ఆవిడ దగ్గరికి వెళ్లి, "ఇచ్చినందుకు కాదమ్మా. నాతో అబద్ధం చెప్పావు చూడు" అన్నాడు. గుండిగలను గోనెసంచుల్లో చుట్టి, తనే ఒక్కొక్కటి కిందికి దింపుకుని ఆటోలో పెట్టుకుని వెళ్లిపోయాడు. మెస్‌లో అందరూ తలలు వంచుకుని తిన్నారు. ఆంటీ రెండోసారి కూర వడ్డించడానికి వచ్చింది, నాకు కూడా వేసింది.

ఆ నెల బియ్యం లారీ రాలేదు. ఆయన పంపిన పిల్లలకు ఇళ్ల నుంచి ఫోన్లు వచ్చాయి. వాళ్లేమీ గొడవ పడలేదు, నెలాఖరున ఒక్కొక్కడే వచ్చి, గది మారుతున్నామనో, కోర్సు అయిపోయిందనో చెప్పి ఆవిడ కాళ్లకు దండం పెట్టి మరీ వెళ్లారు. మా వైపు పిల్లలు మాత్రం ఉన్నాం, కానీ సగం బల్లలతో మెస్ నడవదు. ఆవిడ కొట్లో కొన్న బియ్యంతో కొన్నాళ్లు లాగింది. తర్వాత ఉద్యమం పిలుపు మీద సమ్మె మొదలైంది, బస్సులు బందు, కాలేజీలు బందు, ఉన్న సగంలో సగం ఊళ్లకు పోయారు. ఒక రోజు వెళ్లేసరికి మెట్ల దగ్గర తాళం ఉంది. పెద్ద అంబర్‌పేట్ దగ్గర ఒక కాలేజీ హాస్టల్లో వంటకు చేరిందని కింద కిరాణా దుకాణం ఆయన చెప్పాడు. పదిమందికి తన చేత్తో, తన ఇష్టం వచ్చినట్టు వండి పెట్టిన మనిషి వార్డెన్ చెప్పిన మెనూ వండడానికి పోయింది. సమ్మె వల్లనే మూతపడిందని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. ఎన్నిసార్లు చెప్పుకున్నా ఆ ఆదివారం కళ్ల ముందు నుంచి పోలేదు.

జర్నలిజం స్కూల్ వాళ్లు ఇంటర్వ్యూకు పిలిచారు. బల్లకు అటు ముగ్గురు. నడుమ ఉన్న పెద్దాయన చేతిలో నా పోస్ట్ ప్రింటు. అప్పుడప్పుడు కళ్లద్దాలు సర్దుకుంటూ మొత్తం చదివాడు. భాష బాగుందన్నాడు. శీర్షిక కూడా బాగుందన్నాడు. తర్వాత కాగితం బల్ల మీద పెట్టి అడిగాడు.

"ఆమెను అడిగే రాశావా?"

"అడిగే రాసిన సార్" అన్నాను. రెప్ప కూడా వెయ్యలేదు. అక్కడితో ఆగినా బావుండేది. "రాసినంక చదివి వినిపించిన. శాన సంతోషపడ్డది" అని కూడా అన్నాను.

ఆయన పక్కవాళ్ల వైపు తిరిగి, ఈ ఒక్క సంగతి నేర్పడానికే తమకు ఏడాది పడుతుందని మెచ్చుకున్నాడు. నాకు సీటు వచ్చింది. చెప్పేవి శ్రీరంగ నీతులని మా అమ్మ ఎవరినో ఎప్పుడూ దెప్పుతుండేది, ఆ రోజు బయటికి వస్తుంటే అది నన్నే అంటున్నట్టు వినబడింది. ఆంటీ బతుకు నిలబెట్టే ఒక్క అబద్ధం నా నోటికి రాలేదు. నాకు సీటు తెచ్చే అబద్ధం ఎవరూ అడగకుండానే రెండు ముక్కలు ఎక్కువే వచ్చింది.

స్కూల్లో చేరే ముందు, ఆంటీని చూడకుండా ఉండలేక, ఎల్బీనగర్ నుంచి బస్సెక్కి పెద్ద అంబర్‌పేట్ వెళ్లాను. గడ్డిఅన్నారం మార్కెట్‌లో బత్తాయిలు కొనుక్కుని వెళ్లాను, ఏదో ఒకటి చేతిలో లేకపోతే ఎట్లా నిలబడాలో తెలియక. హాస్టల్ వెనక రేకుల షెడ్డులో వంటిల్లు. ఆవిడ బాగా చిక్కింది. నన్ను చూసి ముఖం తిప్పుకుంటుందనుకున్నాను. కూర్చోమని పీట వేసి, అన్నం పెట్టింది. సీటు వచ్చిందని చెబితే నిజంగా సంతోషపడింది. ఇంట్లో చెప్పావా, ఎక్కడుంటావు, తిండి ఎట్లా అని అన్నీ అడిగింది. క్షమించమని అడగడానికి వెళ్లినదాన్ని, ఒక్కొక్క ప్రశ్నకూ జవాబు చెప్పుకుంటూ కూర్చున్నాను. చివరికి ఆవిడే అడిగింది.

"మన గుండిగల రాత గురించి ఏమన్నా అడిగారా అక్కడ?"

"అడిగిన్రు."

"ఏం చెప్పావు?"

ఇంకో అబద్ధం చెప్పడానికి ఇక ఓపిక లేదు. "మిమ్మల్ని అడిగే రాసిన అని చెప్పిన ఆంటీ" అన్నాను.

ఆవిడ పప్పు గరిటె గిన్నెలో పెట్టింది. "అడగలేదుగా" అంది.

"లే."

"అడగాల్సిందమ్మాయ్. ఫోటో వద్దని చెప్పి, రాసుకోమనేదాన్ని."

మాట నిష్ఠూరంగా లేదు. ఉప్పు తక్కువైందని చెప్పినట్టే చెప్పింది. ఇంతలో పిల్లలకు భోజనాల గంట కొట్టారు, ఆవిడ కొంగు నడుముకు దోపుకుని వడ్డించడానికి వెళ్లిపోయింది. నేను తల వంచుకుని, ఆవిడ పెట్టిన అన్నం మొత్తం తిన్నాను.